మగ్గాలు నిలిపిన పొద్దు

గ్రహణం ఎలా పడుతుందో పెనుకొండ హైస్కూల్లో ఏడాదికి నాలుగు సెక్షన్లకు చెబుతాను. బల్బు సూర్యుడు, రబ్బరు బంతి భూమి, నిమ్మకాయ చంద్రుడు. కిటికీలు మూసి, బల్బు వెలిగించి, బంతి నీడలోకి నిమ్మకాయను తీసుకెళ్లి చూపిస్తాను. పిల్లలు ఓ అని అరుస్తారు. పరీక్షలో రెండు మార్కులకు అడిగితే తప్పు రాసేవాళ్లు క్లాసుకు ముగ్గురుంటే ఎక్కువ.

ఫిబ్రవరి చివర్లో, కాన్పు సెలవు పెట్టే ముందు రోజు, వాళ్లను ఒక మాట అడిగాను. "వచ్చే మంగళవారం చంద్రగ్రహణం. మీ ఇళ్లలో ఏం చేస్తారు?" తలుపులు మూస్తామన్నారు. నీళ్ల బిందెల మీద గరిక వేస్తామన్నారు. స్నానం చేసేదాకా అన్నం పెట్టరన్నారు. మరి ఇంతసేపూ నేను చెప్పిందేమిటి అంటే, ముందు బెంచీలో కూర్చునే పిల్ల లేచి ఏమాత్రం బెదరకుండా చెప్పింది. "టీచర్, అది పరీక్షకు. ఇది ఇంటికి."

నాకు ఒళ్లు మండిపోయింది. గంట కొట్టినా వదలకుండా క్లాసు పీకాను. తీరా ఆ మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, ధర్మవరంలో మా పుట్టింటి చీకటి గదిలో, బయట గడియ పెట్టించుకుని పడుకున్నది నేనే. ఆ పిల్ల చూసి ఉంటే నా ముఖం ఎక్కడ పెట్టుకునేదాన్నో తెలియదు.

ఎందుకు పడుకున్నానో చెబుతాను. నా పేరు సుధ. నాకు అప్పుడు ఏడో నెల. నేను పుట్టినప్పుడు నా పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. దాన్ని మా వైపు గ్రహణం మొర్రి అంటారు. రెండేళ్లు నిండకముందే ఆపరేషన్ చేసి కుట్టారు. సన్నటి గీత, మాటలో కాస్త ముక్కు పలుకు మిగిలాయి. వాటితో నాకు ఏ ఇబ్బందీ లేదు. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం వెనక బెంచీల్లో నా గొంతును అనుకరిస్తారు. రెండో వారానికి మానేస్తారు. ఎందుకు మానేస్తారో వాళ్లనే అడగాలి.

నాకు గీత మిగిలింది గానీ దెబ్బ మా అమ్మకు తగిలింది. మా అమ్మ మునియమ్మ నన్ను ఏడో నెల మోస్తున్నప్పుడు, గ్రహణం పూట కత్తిపీట ముందు కూర్చుని సొరకాయ తరిగిందట. ఆ కోత నా పెదవి మీద పడిందట. ఇరవై తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో, మా వీధిలో, నల్లమాడలోని మా చుట్టాల్లో ఇది ఎవరూ తిరిగి అడగని సంగతి. మా తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు అమ్మను తొమ్మిది నెలలూ కత్తి ముట్టనివ్వలేదు. వాడు నిండు పెదవితో పుట్టేసరికి, చూశారా అన్నారు.

సీమంతాలకు అమ్మను పిలవరు. పిలిచినా కడుపుతో ఉన్న పిల్లను తాకనివ్వరు. నువ్వు కొంచెం దూరంగుండు మునియమ్మా అని నవ్వుతూనే అంటారు. అమ్మ కూడా నవ్వుతూనే పక్కకు జరుగుతుంది. హిందూపురంలో మా అత్తగారింట నా సీమంతం రోజు అందరూ నా చేతులకు గాజులు తొడుగుతుంటే, అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. నేనే లేచి వెళ్లి చేయి చాపాను. అమ్మ తన రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. ఆ రోజు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ దిగలేదు.

పెదవి రెండో నెల దాటేసరికే కలిసిపోతుందని, ఏడో నెలలో సొరకాయ కాదు, కొండను తరిగినా దానికేమీ కాదని డాక్టరు చెప్పాడు. నేనూ చెప్పాను. అందరూ విన్నారు, తలలూపారు, మళ్లీ సొరకాయ దగ్గరికే వచ్చారు.

గ్రహణానికి ముందు రోజు మా అత్త ఉషారాణి హిందూపురం నుంచి ఫోన్ చేసింది. కన్నడ సరిహద్దు ఊరు కదా, ఊరకే అనడానికి సుమ్మనే అని, వద్దు అనడానికి బేడ అని అంటుంది.

"సుధా, తొలి కాన్పుకు పుట్టింటికి పంపేది పద్ధతని పంపినాము. లేకుంటే ఈడే పెట్టుకొంటాంటిమి. మీ అమ్మ చరిత్ర మాకు తెలవనిది కాదు. నీకు చదువుండాది, సుమ్మనే వాదనకు దిగుతావు. బేడమ్మా, రేపు ఒక్క దినం వాదన బేడ. లోపల పండుకో. బిడ్డకు ఏమన్నా అయితే మేము ఎవురినీ వదిలేది లేదు."

ఫోను స్పీకర్లో ఉంది. అమ్మ పక్కనే కూర్చుని మగ్గానికి పట్టు కండెలు చుడుతోంది. నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోగా నా మోచేయి పట్టుకుంది. సరేనని చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"నువ్వు కూడా ఇదే అంటావా? నీకు జరిగింది చాల్లేదా?"

"జరిగిందానికే చెప్తాండా," అంది అమ్మ. "బిడ్డకు గోరంత మచ్చ వచ్చినా నామీదే ఏస్తారు. తన కడుపునూ చెరిచె, కూతురి కడుపునూ చెరిచె అంటారు. మళ్లా పడే శక్తి నాకు లేదు సుధా. నా కోసరం ఒక్క పూట పండుకో."

అలా ఒప్పుకున్నాను. మా అత్తకు లొంగలేదు, పంచాంగానికి లొంగలేదు. అమ్మ ముఖం చూసి లొంగాను. అదీ లొంగుబాటే అని మీరంటే కాదనను.

గదికి ఒకే కిటికీ. దానికి దుప్పటి కట్టారు. ఏర్పాట్లన్నీ అవ్వవి. అవ్వ అంటే మా నాయన తల్లి హనుమక్క. ఎనభై దాటింది. నాయన పోయి ఆరేళ్లయినా, ఇంట్లో ఉన్న రెండు మగ్గాలనూ తమ్ముడు జయచంద్రే చూసుకుంటున్నా, ఇల్లు నడిచేది మాత్రం ఆమె మాట మీదే. గుమ్మంలో నిలబడి షరతులు చదివింది. కాళ్లు ముడుచుకోకూడదు. గోళ్లు కొరక్కూడదు. గోక్కోకూడదు, గోక్కున్నచోట బిడ్డకు మచ్చ వస్తుంది. నీళ్లు అడక్కూడదు. ఫ్యాను వేసుకోవచ్చా అని అడిగితే కాసేపు ఆలోచించింది. ఫ్యాను గురించి పెద్దలు ఏమీ చెప్పలేదు కాబట్టి వేసుకోమంది.

మార్చి ఎండ. మిద్దె పక్కన దించిన గది, పైన రేకులు. మూడూ ఇరవైకి గ్రహణం పట్టి ఆరూ నలభై ఏడుకు విడుస్తుందని టీవీలో పొద్దుటి నుంచి చెబుతున్నారు. మా వైపు చంద్రుడు ఉదయించేదే ఆరూ ఇరవై దాటాక. అంతవరకు అతను నేలకు అవతలి పక్క ఉంటాడు. మా ధర్మవరంలో ఎవరికీ కనబడని గ్రహణానికి నేను మూడు గంటల ముందు నుంచే దాక్కుని ఉండాలన్నమాట. చెమటతో జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. కడుపులో బిడ్డ తంతోంది. గోక్కోవాలని ఒంట్లో ప్రతి అంగుళమూ అడుగుతోంది. గోక్కున్నాను. తృప్తిగా, రెండు చేతులతో.

అయిదున్నర ప్రాంతంలో నోరు పిడచకట్టింది. తలుపు తట్టి నీళ్లడిగాను. అమ్మ గడియ మీద చెయ్యి వేసిన చప్పుడు వినిపించింది. వెంటనే అవ్వ గొంతు.

"నీళ్లు తాపొద్దు. ఇంగొక గంట. అప్పుడే నా మాట వినింటే ఈ పొద్దు ఈ తిప్పలుండవు."

అవ్వ ఆ కథ మొదలుపెట్టిందని నాకు అర్థమైంది. గ్రహణం వచ్చినప్పుడల్లా ఆమె ఆ కథ చెబుతుంది. నా చిన్నప్పటి నుంచి, అది మొదలవగానే నేను లేచి బయటికి వెళ్లిపోతాను. సగం మాట కూడా ఎప్పుడూ వినలేదు. ఆ రోజు వెళ్లడానికి దారి లేదు. అవ్వ తలుపు పక్కనే పీట వేసుకుని, లోపలున్న నాకు బుద్ధి వచ్చేంత గట్టిగా చెప్పింది. పుట్టి ఇరవై తొమ్మిదేళ్లయ్యాక, నా పెదవి కథను మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా విన్నాను.

"ఆ పొద్దు మగ్గాలు నిలిపింటిమి," అంది అవ్వ. "మీ నాయన, చిన్నాయన, కూలికొచ్చే ఇద్దురు మగపిల్లోళ్లు, అందురూ ఇంటి పట్టునే ఉండిరి. మగ్గానికి పసుపు కుంకమ పెట్టి, టెంకాయ కొట్టి, పాయసం చేస్తిమి. మాపటికి ఇంతమందికి సంగటి లోకి ఏముండాది అంటే, మీ అమ్మ నేను సొరకాయ కూర చేస్తానని లేసె. దీపాలు పెట్టినంక చంద్రగ్రహణం పట్టె. ఇది ఆ పొద్దుకే కత్తిపీట ముందర కూర్చోనుండాది. కసకసా తరగతాండాది. ఇంగేముంది."

నేను లేచి కూర్చున్నాను. అమ్మ కూడా ఆ రోజు గురించి ఒక్కటే చెప్పేది, మగ్గాలు నిలిపిన రోజు కాబట్టే తనకు వంట పని పడిందని. మగ్గాలు నిలిపారన్నది, చంద్రగ్రహణం పట్టిందన్నది, ఈ రెండు ముక్కలూ నా జీవితమంతా మా ఇంట్లోనే ఉన్నాయి. ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఏటా నాలుగు సెక్షన్లకు నిమ్మకాయ తిప్పే నేను కూడా చూడలేదు.

"అవ్వా," అన్నాను తలుపు దగ్గరికి వెళ్లి. "ఆ రోజు మగ్గాలు ఎందుకు నిలిపినారు?"

"ఎందుకేమి? అమాస."

"పండగేమో? ఎవరైనా పోయినారేమో?"

"ఎవురన్నా పోతే మగ్గానికి పూజ చేస్తామా? అమాస పొద్దు తప్ప ఈ ఇంట్లో మగ్గం ఎప్పుడూ నిలిచింది లేదు. పాయసం పొయ్యి మీద పెట్టింది నేనే. నాకు తెలవదా?"

ధర్మవరంలో పుట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో ఆదివారం సెలవు కాదు. అమావాస్య సెలవు. నెలలో ఆ ఒక్క రోజే ఇంట్లో మగ్గం చప్పుడు ఉండదు. చిన్నప్పుడు ఆ నిశ్శబ్దానికి నాకు తొందరగా మెలకువ వచ్చేది.

"అవ్వా, అమావాస్య నాడు చంద్రగ్రహణం పట్టిందా?"

బయటి నుంచి జయచంద్ర గొంతు వినిపించింది. వాడు బీకాం చదివాడు. ఇంట్లో తగువు పెరగకూడదని ఎప్పుడూ మధ్యలో దూరుతాడు.

"పడతాది కదక్కా. అమాస అంటేనే చంద్రుని మీద భూమి నీడ పడేది. పున్నమి నుంచి దినమూ కొంచెం కొంచెం నీడ పడతా వస్తాది. అమాసకు మొత్తం కప్పేస్తాది. అదీ గ్రహణమే."

మా తమ్ముణ్ణి అని లాభం లేదు. మా స్టాఫ్ రూములో సగం మందిది ఇదే నమ్మకం. అడిగితే రెండు మార్కుల జవాబు సరిగ్గా చెబుతారు, లోపల మాత్రం ఇదే పెట్టుకుని ఉంటారు. నేను బల్బు, బంతి మొదలుపెట్టబోయాను. అవ్వ నాకా పని లేకుండా చేసింది.

"ఏం చదువు చదివినావురా నువ్వు?" అని వాడి మీద ఎగిరింది. "నీడంట, కప్పేదంట! పెండ్లి కాకముందు నల్లమాడ కాడ గొర్రెల మందలో పండుకొన్నదాన్ని నేను. చంద్రుడు నాకు తెలవదా? పున్నమి పొద్దు, పొద్దు పడమటికి పోతానే తూరుపున లేస్తాడు. మర్సదినం నుంచి దినమూ ఆలస్యంగా లేస్తాడు. అమాసకు రెండు దినాల ముందర తెల్లారే పొద్దుకు తూరుపున గోరంత కనపడతాడు, వెనకాలే పొద్దు వస్తాడు. అమాస నాడు పొద్దు పక్కనే ఉంటాడు. పొద్దుతో లేస్తాడు, పొద్దుతోనే గూకుతాడు. ఆ వెలుతురుకు ఎవురికీ కనపడడు. రాత్రికి ఆకాశంలో యాడుంటాడు?"

నా ఉద్యోగంలో ఇంత మంచి పాఠం నేనెప్పుడూ చెప్పలేదు. నిమ్మకాయ లేదు, బంతి లేదు. భూమి నీడ పొద్దుకు ఎదురు పక్క పడుతుంది. అమావాస్య నాడు చంద్రుడు పొద్దు పక్కనే ఉంటాడు. ఆ నీడ అతన్ని ఎలా తాకుతుంది?

"మరి అవ్వా," అన్నాను. "ఆ రాత్రి ఆకాశంలో చంద్రుడే లేకపోతే, గ్రహణం ఎవరికి పట్టింది?"

బయట అవ్వ పీట కిర్రుమంది.

"సూర్యగ్రహణమేమో," అంది అవ్వ. గొంతులో ముందున్న గట్టితనం లేదు. "అమాసకు పడేది అదే కదా."

జవాబు నేను చెప్పలేదు. అమ్మ చెప్పింది. అత్తగారి మాటకు అమ్మ ఎదురు చెప్పడం నేను పుట్టాక వినడం అదే మొదలు.

"దీపాలు పెట్టినంక సొరకాయ తరిగితి అత్తా. లాంతరు నువ్వే తెచ్చి నా పక్కన పెడితివి. పొద్దు గూకి అప్పటికి ఎంతోసేపాయ. గూకిన పొద్దుకు గ్రహణం యాడ పడతాది?"

"మరి గ్రహణమని నీకు ఎవరు చెప్పినారవ్వా?" అన్నాను నేను లోపలి నుంచి. "నువ్వు కళ్లతో చూసినావా?"

"చూసింది లేదు," అంది అవ్వ. "నువ్వు పుట్టినాక మంత్రసాని నీ మూతి చూసి, గ్రహణం పొద్దు ఏం కోసినారమ్మా అని అడిగె. ఏమో ఒకటి కోసింటాది కదా అనుకొంటిమి. ఎప్పుడు కోసింది, ఏం కోసింది అని అందురమూ ఎనక్కి లెక్కేస్తిమి. సొరకాయ గుర్తొచ్చె."

అంతే. నా పెదవికి గ్రహణం మొర్రి అని పేరు ముందు పెట్టారు, దానికి తగ్గ గ్రహణాన్ని తర్వాత తెచ్చారు. ఎవరి చేతిలో కత్తి కనిపిస్తే వాళ్లను నిలబెట్టారు. ఇంటిల్లిపాదికీ సెలవైన రోజు, సెలవు లేని ఒక్క మనిషి మా అమ్మ. అందుకని ఆమె దొరికింది.

నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. గెలిచాననుకున్నాను. "ఈ మాట మా అత్తకు చెప్పండి! ఇప్పుడే ఫోన్ చేయండి! ఆ రోజు గ్రహణం లేదు, మా అమ్మ తప్పేమీ లేదు అని చెప్పండి!" అని తలుపు బాదాను.

"చెప్తాంలే," అంది అవ్వ. అలిసిపోయినట్టుంది. "సరే మునియమ్మా. ఆ పొద్దు గ్రహణం లేదంట కదా. నీ తప్పు లేదులే. ఇంగ దాన్ని మనసులో పెట్టుకోవద్దు. ఈ పొద్దు మాత్రం నిజం గ్రహణం. సుధను బయటికి రానీయొద్దు."

ఇరవై తొమ్మిదేళ్ల మాట అలా తేలిపోయింది, చేటలో పొట్టు ఊదేసినట్టు. నేను అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడుపు వినపడలేదు.

"ఉన్నింటే?" అంది అమ్మ.

"ఏంది?"

"ఆ పొద్దు గ్రహణం ఉన్నింటే, తప్పు నాదేనా అత్తా?"

లోపల నాకు చెంప మీద కొట్టినట్టయింది. టీచరును నేను. గ్రహణంలో ఏం తరిగినా ఏమీ కాదని చెప్పాల్సినదాన్ని, ఆ రోజు గ్రహణమే లేదని వాదించి గెలిచానని గంతులేస్తున్నాను. వాళ్ల కోర్టులోనే నిలబడి, వాళ్ల చట్టం ప్రకారమే అమ్మను విడిపించాను. చట్టం అలాగే ఉంది. దాని కింద నేను ఇంకా గదిలోనే ఉన్నాను. నాకు తట్టనిది ఎనిమిదో తరగతితో బడి మానిన మా అమ్మకు తట్టింది.

గడియ తీసిన చప్పుడు. తలుపు బార్లా తెరుచుకుంది. వెలుతురు కళ్లలో పొడిచింది. అమ్మ చేతిలో చెంబు నిండా నీళ్లు.

"తాగు," అంది. "తాగి బయటికి రా."

"మునియమ్మా!" అని అవ్వ పీట మీద నుంచి లేచింది. "నీకు మతి పోయిందా? ఇంగా విడవలేదు! రేపు ఏమన్నా అయితే ఎవురు పడతారు మాటలు?"

అమ్మ వెనక్కి తిరిగింది. అమ్మ ముఖంలో ఎప్పుడూ ఉండే ఆ నవ్వు, పక్కకు జరిగేటప్పటి నవ్వు, లేదు.

"నేనే పడతా," అంది. "ఇరవై తొమ్మిదేండ్లు చెయ్యని పనికి పడితి. ఈ పొద్దు చేసి పడతా."

నేను చెంబెడు నీళ్లూ గటగటా తాగాను. అమ్మ వంటింట్లోకి వెళ్లి కత్తిపీట తీసుకుంది. సొరకాయ కోసం వెతికింది. లేదు. బుట్టలో వంకాయలున్నాయి, అవే ఒళ్లో వేసుకుంది. ముందు తను, వెనక నేను మిద్దె మెట్లు ఎక్కాం. జయచంద్ర కింద నిలబడి అవ్వ వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసి, చివరికి నా చేయి పట్టుకోవడానికని చెప్పి పైకి వచ్చాడు.

వీధి మొత్తం మూసి ఉంది. తలుపులు, కిటికీలు, చివరింటి అంగడి షట్టరు కూడా. కుక్కలు మాత్రం నడి వీధిలో హాయిగా తిరుగుతున్నాయి. పడమట పొద్దు అప్పుడే గూకుతోంది. తూర్పున మసక. ఆరున్నర దాటాక, ఆ మసకలో నుంచి రాగి రంగులో చంద్రుడు పైకి వచ్చాడు. పై అంచు లేదు. అక్కడ నల్లగా, గుండ్రంగా ఒక నీడ.

"జయా, ఇటు చూడు," అన్నాను. "ఇప్పుడే గూకిన పొద్దు అటు. చంద్రుడు ఇటు. నడుమ ఎవరున్నారు?"

వాడు పడమటికీ తూర్పుకీ తల తిప్పి చూశాడు. "మనమే."

"ఆ నీడ ఎవరిది?"

"మనది," అన్నాడు. మళ్లీ చంద్రుణ్ణి చూశాడు. "మనదేనా అక్కా అది? ఈ నేలదేనా?" కాసేపాగి, "మరి ప్రతి పున్నమికీ ఎందుకు పడదు?" అని అడిగాడు. బీకాం చదివిన మూడేళ్లలో ఎవరినీ ఇంత మంచి ప్రశ్న అడిగి ఉండడు. చేతి గాజులు రెండు తీసి, ఒకదాంట్లో ఒకటి కొంచెం వాలుగా పట్టి చూపించాను. ఒక గాజు మన నీడ తిరిగే దారి, రెండోది చంద్రుడు తిరిగే దారి, అది ఇలా కాస్త వాలి ఉంటుంది, అందుకే చాలా పున్నములకు అతను మన నీడకు పైనుంచో కిందనుంచో తప్పించుకుపోతాడు, రెండు గాజులూ కలిసే చోటికి వచ్చినప్పుడే దొరుకుతాడు అన్నాను. వాడు గాజులు నా చేతిలోంచి లాక్కుని తనే తిప్పి చూసుకున్నాడు.

అమ్మ మిద్దె నడిమధ్యలో కత్తిపీట వేసుకుని చంద్రుడికి ఎదురుగా కూర్చుంది. వంకాయలు తరుగుతోంది. నేను పక్కన కూర్చుని, "నాకివ్వు," అన్నాను. ఒక్క క్షణం అమ్మ చెయ్యి ఆగింది. ఆ ఆగడంలో ఎంత భయం ఉందో నాకు తెలుసు. తర్వాత జరిగి నాకు చోటిచ్చింది. ఏడు నెలల కడుపుతో కత్తిపీట ముందు కూర్చోవడం సుఖమేమీ కాదు. అయినా మూడు వంకాయలు తరిగాను.

అప్పుడే ఫోన్ మోగింది. మా అత్త. అందుకోబోతే అమ్మ తీసుకుంది. వియ్యపురాలితో అమ్మ నేరుగా మాట్లాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"సుధ మిద్దె మీదుండాది వదినా," అంది అమ్మ. "చంద్రుణ్ణి చూస్తా వంకాయలు తరగతాండాది. నేనే పిల్చకొచ్చినా. బిడ్డ బాగుంటే అది దేవుని దయ అనుకో. బాగలేకుంటే ఆస్పత్రికి తీసకపోదాం. నన్ను అనాలంటే నాకే ఫోన్ చేసి అను, నా కూతురికి చేయొద్దు." అవతల మా అత్త ఏమందో నాకు వినబడలేదు. అమ్మ ఊఁ కొట్టకుండా పూర్తిగా విని, పెట్టేసింది. వేళ్లు చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ వంకాయ అందుకుంది.

మెట్ల మీద చప్పుడైంది. అవ్వ. మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కడం మానేసి చాలా ఏళ్లయింది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకూ ఆగి ఊపిరి పీల్చుకుంటూ వచ్చింది. తగువుకే వచ్చిందని నేను సిద్ధమయ్యాను. అవ్వ మా వైపు చూడలేదు. చంద్రుణ్ణి చూస్తూ నిలబడింది. నీడ అప్పటికి పై కొసన గోరంత మిగిలింది.

"సుధా," అంది. "ఏ ఏడు ఏ పొద్దు గ్రహణం పట్టిందో, నీ ఫోనులో తెలస్తాదా?"

"తెలుస్తుంది. ఎందుకు?"

"మీ నాయన కంటే ముందర నాకు ఒక ఆడబిడ్డ పుట్టె. ఆరు దినాలుండె." అవ్వ ఈ మాట మా ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. మా నాయనకైనా చెప్పిందో లేదో తెలియదు. "గ్రహణం పొద్దు నువ్వు గొర్రెల దొడ్డికి పోతివి, నువ్వే సంపుకొంటివి అనె మా అత్త. ఊరంతా అనె. నేనూ అట్లే అనుకొంటి. ఆ పొద్దు అమాసో పున్నమో నాకు గుర్తులేదు. సీతాకాలం. ఆ ఏడు గ్రహణం ఉండిందో లేదో కొంచెం చూడు."

నేను ఫోను తీశాను. ఏ సంవత్సరం అని అడగబోయాను. అమ్మ చేయి వచ్చి ఫోను మీద పడింది.

అమ్మ ముఖంలో జాలి కనిపిస్తుందని చూశాను. ముందు కనిపించింది కోపమే. ఈ బాధ తెలిసిన మనిషే ఇన్నేళ్లూ తనను అలా అనింది కదా అన్న కోపం. అది పోవడానికి కొంత సమయం పట్టింది. పూర్తిగా పోయిందని నేను చెప్పను.

"లెక్క చూడొద్దు సుధా," అంది అమ్మ. తర్వాత అవ్వ వైపు తిరిగి, మూసిన తలుపుల వెనకున్న వీధి మొత్తానికీ వినబడేంత గట్టిగా అంది. "అమాసైతే ఏమి, పున్నమైతే ఏమి, గ్రహణమే పట్టింటే ఏమి అత్తా. నువ్వు చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు."